పాత నగలు: గుర్తింపు, విలువ, సేకరణపై తరచుగా అడిగే ప్రశ్నలు

పాత నగల మీద సందేహాలు ఎన్ని వచ్చినా తిరిగి తిరిగి ఇవే ఎదురవుతాయి. ఏ ప్రశ్న కావాలంటే అదే చదువుకునేలా జవాబులు విడివిడిగా ఇచ్చాం. తేదీలు, ముద్రల వివరాలు ఎక్కువగా యూరప్, అమెరికా తయారీ నగలవి.

## నగ చేతికి రాగానే

యాంటిక్, వింటేజ్, ఎస్టేట్: ఏది దేనికి అంటారు?

వందేళ్లు దాటితే యాంటిక్. వింటేజ్‌కు అంత గట్టి హద్దు లేదు. ఇరవై ముప్పై ఏళ్లు నిండి వందకు లోపు ఉన్నదాన్ని వ్యాపారులు అలా పిలుస్తారు. ఎస్టేట్ అంటే ఇంతకుముందు ఇంకొకరి దగ్గర ఉన్నదని అర్థం, అంతే. పోయినేడు చేసిన ఉంగరాన్ని కూడా ఎస్టేట్ అని అమ్మొచ్చు, అందులో అబద్ధం లేదు. జాగ్రత్త పడాల్సింది ‘యాంటిక్ ఫినిష్’, ‘విక్టోరియన్ స్టైల్’ అన్న మాటల దగ్గర. అవి కొత్త నగలకు పెట్టే పేర్లు.

ఇంట్లో వారసత్వంగా ఒక నగ వచ్చింది. ముందు ఏం చూడాలి?

వెనక్కి తిప్పండి. ముందువైపును ఎవరైనా అనుకరించగలరు, వెనకవైపు మీద అంత శ్రమ పెట్టేవాళ్లు తక్కువ. మంచి పాత నగకు వెనక కూడా నునుపుగా సానపట్టి ఉంటుంది. రాళ్ల కింది రంధ్రాలను రంపంతో కోసి, చేత్తో సరిచేసి ఉంటారు. అచ్చులో పోసిన చవక నకలుకు వెనక గరుకు, చిన్న చిన్న గుంటలు, మూలల్లో ఆకురాయి తగలని మడతలు కనిపిస్తాయి. తర్వాత బిగింపు, అతుకులు, ముద్రలు, అరుగుదల చూడండి. రాళ్లు చివర. చాలామంది రాళ్లతో మొదలుపెట్టి అక్కడే మోసపోతారు.

ఆ నగ గురించి ఇంట్లో తెలిసిన సంగతులు, ఎవరిది, ఎప్పుడు కొన్నారు, పాత ఫోటోలో ఉందా, ఇవన్నీ వెంటనే రాసి పెట్టండి. పాత డబ్బా, బిల్లు ఉంటే పారేయకండి. తయారీదారు అసలు పెట్టె వల్ల ధర పెరిగిన సందర్భాలు ఎన్నో.

మురికిగా ఉంది. ముందు కడిగి చూడొచ్చా?

వద్దు. రాళ్ల వెనక రేకు ఉంటే నీళ్లు చేరి నల్లబడుతుంది, అది మళ్లీ తిరిగి రాదు. చెక్కడం లోతుల్లో పేరుకున్న నలుపును కావాలనే ఉంచిన నగలూ ఉంటాయి. నగ ఏమిటో తేలేవరకు మెత్తటి పొడి కుంచెతో దుమ్ము దులిపితే చాలు.

ఏ పరికరాలు కొనాలి?

10 రెట్లు పెద్దదిగా చూపించే మూడు కటకాల లూప్, 0.01 గ్రాము వరకు తూచే త్రాసు, కొలతలకు కాలిపర్, 365 నానోమీటర్ల అతినీలలోహిత టార్చి, చిన్న బలమైన అయస్కాంతం. 30 రెట్లు, 40 రెట్లు అని రాసి అమ్మే చవక లూప్‌లు వద్దు. వాటిలో అంచులు వంగి కనిపిస్తాయి. లూప్‌ను కంటికి ఆనించి పట్టుకుని, నగను రెండున్నర సెంటీమీటర్ల దూరానికి తీసుకురావాలి. చాలామంది చేయి చాపి భూతద్దంలా పట్టుకుంటారు, అలాగైతే ఏమీ కనిపించదు.

## కాలం తేల్చడం

జార్జియన్, ఎడ్వర్డియన్, ఆర్ట్ డెకో... ఈ పేర్లకు ఏళ్లు ఏవి?

జార్జియన్ 1714–1837, విక్టోరియన్ 1837–1901, ఎడ్వర్డియన్ 1901 నుంచి మొదటి ప్రపంచయుద్ధం దాకా. ఆర్ట్ నూవో సుమారు 1890–1910, అంటే ముందు చెప్పిన రెండింటి మీదుగా సాగుతుంది. ఆర్ట్ డెకో ప్రధానంగా 1920లు, 30లు; ఆ పేరుకు మూలం 1925 ప్యారిస్ ప్రదర్శన. ఆ తర్వాత 1940ల దాకా వచ్చిన పెద్ద పెద్ద బంగారు నగలను రెట్రో అంటారు. యుద్ధ అవసరాలకు ప్లాటినం మళ్లించడంతో బంగారం మళ్లీ ముందుకొచ్చిన కాలం అది.

శైలి చూసి కాలం చెప్పేయొచ్చు కదా?

చెప్పలేం. ప్రతి శైలీ మళ్లీ మళ్లీ వచ్చింది. 19వ శతాబ్దంలో ఇటలీ కంసాలులు ప్రాచీన ఎట్రుస్కన్ నగల్ని అనుకరించారు. 1970లు, 80లలో ఆర్ట్ డెకో నమూనాలు కుప్పలు తెప్పలుగా తయారయ్యాయి. ‘ఇది ఫలానా కాలం కంటే ముందుది కాదు’ అని శైలి చెబుతుంది. ఎప్పుడు చేశారో చెప్పేవి లోహం, బిగింపు, రాయి కోత, పనితనం.

బిగింపును బట్టి ఏళ్లు ఎలా లెక్కగడతారు?

ఒక సూత్రం పెట్టుకోండి: నగలో అన్నిటికన్నా కొత్త భాగం ఏదో, అది అసలుదైతే నగ వయసు కూడా అంతే. మార్చినదైతే ఆ మార్పు ఎప్పుడు జరిగిందో తెలుస్తుంది.

బ్రూచ్ (బట్టకు గుచ్చుకునే నగ) వెనక సి ఆకారపు సాదా కొక్కెం, దాన్ని దాటి పొడుచుకువచ్చే పొడవాటి సూది ఉంటే అది 19వ శతాబ్దపు లక్షణం. తాళం పడే భద్రతా కొక్కెం 20వ శతాబ్దం తొలినాళ్ల నుంచి వ్యాపించింది. చెవికి మరతో బిగించే కమ్మలు 1890ల నుంచి, క్లిప్ కమ్మలు 1930ల నుంచి. గొలుసు చివర పీత కొండిలా ఉండే బిగింపు కనిపిస్తే గత శతాబ్దం చివరి దశాబ్దాలది అనుకోవాలి.

తిరకాసు ఏమిటంటే సి కొక్కేన్ని చవక నగల్లో 20వ శతాబ్దంలోనూ వాడారు, ఇప్పుడూ నకళ్లకు వాడుతున్నారు. కాబట్టి కొత్త బిగింపు ‘ఇంత పాతది కాదు’ అనే మాటకు బలమైన సాక్ష్యం. పాత బిగింపు ‘ఇది పాతదే’ అనే మాటకు బలహీనమైన సాక్ష్యం. అతుకు చుట్టూ చూడండి: బూడిదరంగు సీసపు టంకం మెత్తబడి కారినట్టు ఉంటే బిగింపును తర్వాత ఎవరో మార్చారు.

వజ్రం కోత నుంచి ఏం తెలుస్తుంది?

రోజ్ కోతకు అడుగు చదునుగా, పైన గుమ్మటంలా ముఖాలు ఉంటాయి. ఓల్డ్ మైన్ కోత మూలలు గుండ్రబడిన చతురస్రంలా, ఎత్తుగా ఉంటుంది. ఓల్డ్ యూరోపియన్ కోత గుండ్రం. పైనుంచి చూస్తే మధ్యలో చిన్న వలయం కనిపిస్తుంది, అది కింది మొనను చదును చేసిన చోటు. ఇప్పటి గుండ్రటి కోతకు లెక్కలు వేసి 1919లో ప్రచురించింది మార్సెల్ టోల్‌కోవ్‌స్కీ. 1880 నాటిదని చెప్పే ఉంగరంలో మొన సూదిగా ఉన్న ఆధునిక కోత రాయి కనిపిస్తే రాయి మార్చారు, లేదా ఉంగరమే కొత్తది. అయితే పాత కోతలు ఇప్పుడు ఫ్యాషన్ కావడంతో కొత్త రాళ్లను కూడా అలా కోస్తున్నారు. పాత రాయి అంచు లూప్‌లో కొద్దిగా వంకరగా, ముఖాలు సమానంగా లేకుండా ఉంటాయి.

తెల్ల లోహం వెండా, ప్లాటినమా, తెల్ల బంగారమా? దానితో కాలం తెలుస్తుందా?

తెలుస్తుంది. 19వ శతాబ్దంలో వజ్రాలను వెండిలో పొదిగి, బట్టలు నల్లబడకుండా వెనక బంగారం వేసేవారు. ప్లాటినం 1900 దాటాకే నగల్లో విరివిగా వచ్చింది, తెల్ల బంగారం 1910ల చివరి నుంచి. ప్లాటినం నల్లబడదు, చేతికి బరువుగా తగులుతుంది. తెల్ల బంగారం మీది రోడియం పూత అరిగిన చోట లేత పసుపు కనిపిస్తుంది.

‘ఇది అతుకుల నగ’ అన్నారు. అంటే?

రెండు వేర్వేరు నగల ముక్కలను కలిపి ఒకటిగా చేసినది. విరిగిన బ్రూచ్‌ను ఉంగరపు పట్టీ మీద అతకడం, టై పిన్ తలను లాకెట్టుగా మార్చడం మామూలే. పైభాగం ఒక అరుగుదల, పట్టీ ఇంకో అరుగుదల ఉంటే అనుమానించండి. రెండు రంగుల బంగారం, సూది తీసేసిన చోట నున్నగా పూడ్చిన గుంటలు, పట్టీ మీద ఒకటి, తల మీద ఇంకొకటి ముద్రలు కూడా అలాంటి ఆనవాళ్లే. ఇవి పెట్టుకోవడానికి బాగుంటాయి. ఆ సంగతి చెప్పి అమ్మితే తప్పు లేదు, పూర్తి ధర అడిగితేనే తప్పు.

## ముద్రలు, లోహం

ముద్రే లేదు. నకిలీ అనుకోవాలా?

అక్కర్లేదు. విక్టోరియన్ కాలపు బ్రిటన్‌లో చాలా రకాల నగలకు హాల్‌మార్క్ నుంచి మినహాయింపు ఉండేది. అమెరికాలో బంగారు ముద్రలకు జాతీయ చట్టం 1906లో వచ్చింది. ఉంగరం సైజు మార్చినప్పుడు ముద్ర ఉన్న ముక్క పోవచ్చు, వాడకంలో అరిగిపోవచ్చు కూడా. నిజానికి కొత్త నకళ్లలోనే ముద్రలు కొట్టొచ్చినట్టు ఉంటాయి. నగంతా అరిగి, ముద్ర మాత్రం నిన్న కొట్టినట్టు ఉంటే అక్కడ ఆగాలి.

బ్రిటిష్ హాల్‌మార్క్ ఎలా చదవాలి?

నాలుగు వెతకండి: తయారీదారు అక్షరాలు, శుద్ధత, పరీక్షించిన ఊరు, ఏడాదిని తెలిపే అక్షరం. చిరుతపులి తల లండన్, లంగరు బర్మింగ్‌హామ్, కోట ఎడిన్‌బరా, 1974 వరకు వెండి మీద కిరీటం షెఫీల్డ్. నడుస్తున్న సింహం ఉంటే అది స్టెర్లింగ్ (వెయ్యిలో 925 పాళ్ల) వెండి. ఏడాది అక్షరాన్ని దాని చుట్టూ ఉన్న డాలు ఆకారంతో కలిపి పట్టికలో చూడాలి, ఎందుకంటే అదే అక్షరం ఇరవై, పాతిక ఏళ్లకోసారి తిరిగి వస్తుంది. పట్టికలు ఊరికొకటి. చాలామంది ఊరి గుర్తు చూడకుండా లండన్ పట్టికలో వెతికి తప్పు ఏడాది రాసుకుంటారు.

9, 12, 15 క్యారెట్లు 1854లో వచ్చాయి. 12, 15 క్యారెట్లు 1932లో రద్దై వాటి స్థానంలో 14 వచ్చింది. కాబట్టి ‘15’, ‘.625’ అని ఉన్న బ్రిటిష్ నగ ఆ 78 ఏళ్ల లోపుది.

ఫ్రెంచ్ నగ అంటున్నారు. గుర్తు ఏమిటి?

అంకెలు వెతకకండి, జంతువుల తలలు వెతకండి. గద్ద తల 1838 నుంచి 18 క్యారెట్ల బంగారానికి, కుక్క తల 1912 నుంచి ప్లాటినానికి. గుడ్లగూబ ఉంటే బంగారం వేరే దేశం నుంచి ఫ్రాన్స్‌లోకి వచ్చిందని. తయారీదారు గుర్తు నిలువు డైమండ్ ఆకారంలో ఉంటుంది. ఇవన్నీ ఒకటి రెండు మిల్లీమీటర్లే. బిగింపు నాలుక మీద, పట్టీ బయటి అంచు మీద కొడతారు.

375, 585, 750 అంకెలకూ, జిఎఫ్, ఆర్‌జిపి అక్షరాలకూ తేడా?

అంకెలు వెయ్యిలో ఎన్ని పాళ్లు బంగారమో చెబుతాయి: 375 అంటే 9 క్యారెట్లు, 585 అంటే 14, 750 అంటే 18, 916 అంటే 22. 925 వెండిది. జిఎఫ్ (గోల్డ్ ఫిల్డ్), ఆర్‌జిపి (రోల్డ్ గోల్డ్ ప్లేట్) అక్షరాలు పైపొర మాత్రమే బంగారమని చెబుతాయి. ‘1/20 12కె జిఎఫ్’ అంటే మొత్తం బరువులో ఇరవయ్యో వంతు 12 క్యారెట్ల రేకు తాపడం, మిగతాది ఇత్తడిలాంటి లోహం. ఆర్‌జిపి రేకు అంతకన్నా పల్చన. విద్యుత్ పూతకు ఎల్కింగ్టన్ల పేటెంట్ 1840 నాటిది. కనుక పూత ఉందని కొత్తదనుకోకండి, విక్టోరియన్ పూత నగలూ ఉన్నాయి.

నగ పాడవకుండా ఇంట్లో బంగారం శుద్ధత ఎలా చూడాలి?

సాంద్రత పద్ధతి ఉంది. మొదట నగ పొడి బరువు తూచండి. త్రాసు మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేయండి. సన్నటి దారంతో నగను నీళ్లలో పూర్తిగా మునిగేలా, అడుగు తగలకుండా వేలాడదీయండి. త్రాసు చూపే అంకెతో పొడి బరువును భాగించండి. ఉంగరం 6.20 గ్రాములు, నీళ్లలో త్రాసు 0.40 చూపిందంటే 15.5, అది 18 క్యారెట్ల దగ్గర. 22 క్యారెట్లకు సుమారు 17.7, 14కు 13 చిల్లర, స్టెర్లింగ్ వెండికి 10.3 వస్తుంది.

రాళ్లున్నా, లోపల బోలుగా ఉన్నా, గాలి బుడగ అంటుకున్నా లెక్క తప్పుతుంది. చిన్న నగకు 0.02 గ్రాముల తేడా కూడా ఫలితాన్ని మార్చేస్తుంది, మూడుసార్లు చేయండి. ఆమ్ల పరీక్షకు గీటురాయి మీద గీత పెట్టాలి, పలుచటి పూతైతే గీతలో పైపొరే దిగుతుంది. రేకు నగలో లోపలి లోహం తెలియాలంటే లోతుగా గీయాలి, అది నగకు గాయమే. గీయకుండానే లోహం ఏమిటో చెప్పే ఎక్స్‌రే ఫ్లోరసెన్స్ యంత్రం ఉన్నచోట చూపించుకోవడం మేలు.

## రాళ్లు

కెంపు కృత్రిమమని ల్యాబ్ తేల్చింది. అంటే నగ కొత్తదేనా?

కాదు. వెర్న్యూయ్ పద్ధతిలో (పొడిని మంటలో కరిగించి) చేసిన కెంపులు 1902లో ప్రకటితమయ్యాయి. ఆర్ట్ డెకో నగల్లో వజ్రాల పక్కన కొలతకు కోసి వాటినే నిస్సంకోచంగా వాడారు. లూప్‌లో గ్రామఫోన్ రికార్డులా వంపు గీతలు, గుండ్రటి బుడగలు కనిపిస్తే అవే. అనుమానించాల్సింది వజ్రానికి బదులు వాడే కృత్రిమ రాళ్లను: క్యూబిక్ జిర్కోనియా 1976 తర్వాతే మార్కెట్‌కు వచ్చింది, మోయిసనైట్ 1990ల చివర్లో. ఇవి కనిపిస్తే నగ కొత్తది లేదా రాయి మార్చారు.

రాయి వెనక పూర్తిగా మూసి ఉంది. ఎందుకు?

18వ శతాబ్దంలో, 19వ శతాబ్దం మొదట్లో అలాగే పొదిగేవారు. లోపల మెరిసే రేకు, ఒక్కోసారి రంగు రేకు ఉంటుంది. రంగు రాయిదా, రేకుదా అన్నది బయటి నుంచి చెప్పలేరు. గాజు రాళ్లను కూడా ఎంతో నైపుణ్యంతో ఇలాగే పొదిగారు. ఆ జార్జియన్ గాజు నగలకు ఇప్పుడు సేకర్తల్లో మంచి గిరాకీ. తెరిపించి చూడాలన్న కోరిక చంపుకోండి.

డైమండ్ టెస్టర్ కూసింది. వజ్రమే కదా?

వేడిని కొలిచే టెస్టర్ మోయిసనైట్‌కూ కూస్తుంది. ల్యాబ్‌లో పెంచిన వజ్రానికీ కూస్తుంది, అది వజ్రమే కనుక. చాలా రాళ్లున్న పాత నగను చీకట్లో అతినీలలోహిత టార్చి కింద పెట్టండి. సహజ వజ్రాలైతే కొన్ని నీలంగా, కొన్ని మసగ్గా, కొన్ని అసలు వెలగకుండా రకరకాలుగా ఉంటాయి. అన్నీ ఒకేలా ఉంటే ప్రశ్నించాలి.

పాత ముత్యాల దండ. సహజమా, పెంచినవా?

పంటి అంచుకు రుద్దితే సహజ ముత్యమూ, పెంచిన ముత్యమూ రెండూ గరగరలాడతాయి. నున్నగా జారితే అనుకరణ. మొదటి రెండింటి మధ్య తేడా ఎక్స్‌రే తీస్తేనే ఖాయమవుతుంది. గుండ్రటి పెంచిన ముత్యాలు 1920ల నుంచి మార్కెట్లో ఉన్నాయి, కాబట్టి దండ పాతదైనంత మాత్రాన ముత్యాలు సహజమైనవి కావు. రంధ్రంలోకి లూప్‌తో చూడండి: లోపలి పూసకూ పైపొరకూ మధ్య గీత కనిపిస్తే పెంచినది.

అంబర్ (శిలాజమైన చెట్టు జిగురు), బేకలైట్ (తొలితరం ప్లాస్టిక్), జెట్ (నల్లటి శిలాజ కలప) తేడా ఎలా?

250 మిల్లీలీటర్ల నీళ్లలో 50 గ్రాముల ఉప్పు కరిగించి విడి పూసను వేయండి. అంబర్ తేలుతుంది, బేకలైట్ మునుగుతుంది. కోపల్ జిగురు, కొన్ని ప్లాస్టిక్‌లు కూడా తేలతాయి, కాబట్టి మునగడమే నిశ్చయమైన జవాబు. బేకలైట్‌ను వేడినీళ్ల కింద కొన్ని క్షణాలు పట్టుకుంటే ఫార్మాల్డిహైడ్ ఘాటు వస్తుంది, సెల్యులాయిడ్ (ఇంకో పాత ప్లాస్టిక్) నుంచి కర్పూరం వాసన. జెట్ తేలిక, చేతికి చల్లగా తగలదు. నల్ల గాజు చల్లగా, బరువుగా ఉంటుంది. కాల్చిన సూదితో గుచ్చే పాత పద్ధతి మానుకోండి. మచ్చ పడుతుంది, సెల్యులాయిడ్ అయితే భగ్గుమంటుంది.

## విలువ కట్టడం

ఒకే నగకు ముగ్గురు మూడు ధరలు చెప్పారు. ఎవరిది సరి?

ముగ్గురిదీ కావచ్చు. బీమా కోసం కట్టేది అలాంటి నగ దుకాణంలో మళ్లీ కొనాలంటే అయ్యే ఖర్చు, అన్నిటికన్నా ఎక్కువ. వేలం అంచనా అంతకు బాగా తక్కువ. వ్యాపారి కొనే ధర ఇంకా తక్కువ, అతను దాన్ని అమ్మి లాభం చూసుకోవాలి కదా. బీమా కాగితం చూపించి ‘ఇంత విలువ చేస్తుంది’ అని అమ్మబోయేవాళ్లు నిరాశపడేది ఇక్కడే. విలువ కట్టించేటప్పుడు ఎందుకోసమో ముందే చెప్పండి. కట్టే మనిషే కొంటానంటే ఇంకొకరికి చూపించండి.

కరిగిస్తే ఎంత వస్తుందో లెక్క ఎలా?

రాళ్ల బరువు తీసేసి మిగిలిన బరువును శుద్ధతతో గుణించండి. 12.40 గ్రాముల 15 క్యారెట్ల గొలుసులో 12.40 × 0.625 = 7.75 గ్రాముల మేలిమి బంగారం. ఆ రోజు గ్రాము ధరతో గుణిస్తే గరిష్ఠ విలువ, శుద్ధి ఖర్చు పోగా చేతికి అంతకు తక్కువే వస్తుంది. ప్రపంచ ధర ట్రాయ్ ఔన్సుల్లో ఉంటే 31.1035తో భాగించాలి. కరిగిస్తే చేతికి వచ్చే ఆ మొత్తం అట్టడుగు హద్దు లాంటిది. నగ దాని కంటే తక్కువకు పోకూడదు. బంగారం ధర పెరిగినప్పుడల్లా మంచి పనితనం ఉన్న నగలు కొలిమిలోకి పోతుంటాయి, ఆ తొందర వద్దు.

మరమ్మతు చేయిస్తే విలువ పెరుగుతుందా?

వదులైన రాయి, రాయిని పట్టి ఉంచే అరిగిన పళ్లు సరిచేయించండి, ఆ పని వాయిదా వేస్తే రాయే పోతుంది. సానపట్టించడం, కొత్త పూత వేయించడం, మీనా (రంగు గాజు పూత) మళ్లీ పోయించడం మాత్రం విలువను తగ్గిస్తాయి. లేజర్ వెల్డింగ్ చేసేవాళ్లనే అడగండి. మామూలు మంటకు మీనా చిట్లుతుంది, ఓపల్ పగులుతుంది, దగ్గరలోని సీసపు టంకం బంగారంలోకి ఇంకి దాన్ని తినేస్తుంది.

కార్టియర్ సంతకం ఉంది. నమ్మొచ్చా?

సంతకం పరీక్షకు మొదలు మాత్రమే. అక్షరాలు లేజర్‌తో కాల్చినట్టున్నాయా? విడి పలక మీద చెక్కి అతికించారా? పక్కన వరుస సంఖ్య, తయారుచేసిన కార్ఖానా గుర్తు ఉన్నాయా? నగ పనితనం ఆ పేరుకు తగ్గట్టు ఉందా? చివరిదే ముఖ్యం. రష్యా నగల సంస్థ ఫాబెర్జే పేరుతో నకిలీలు ఎంత పెరిగాయంటే, కొనుగోళ్ల చరిత్ర కాగితాలు లేకపోతే పెద్ద వేలం సంస్థలు ముట్టుకోవడానికి వెనకాడతాయి.

రాళ్లు గాజు, లోహం ఇత్తడి. అలాంటి కాస్ట్యూమ్ నగకు విలువెందుకు?

నమూనా, తయారీదారు, స్థితి వీటి వల్ల. వృత్తంలో సి అక్షరంతో కాపీరైట్ గుర్తు ఉన్న అమెరికన్ నగ సాధారణంగా 1955 తర్వాతది, ట్రిఫారీ సంస్థ కోర్టులో గెలిచాక ఆ వాడుక పెరిగింది. ఇంద్రధనుస్సు రంగుల పూత ఉన్న అరోరా బోరియాలిస్ రాళ్లు కూడా 1950ల మధ్య నుంచే. వీటిలో స్థితే సగం ధర: ఒక్క రాయి నల్లబడినా, పూత లేచినా గిరాకీ పడిపోతుంది.

## కొనడం

కొత్తగా మొదలుపెడుతున్నా. ఏం సేకరించాలి?

ఒక ఇరుకైన అంశం. బ్రిటిష్ వెండి లాకెట్లు, బేకలైట్ గాజులు, ముద్రలున్న బ్రూచ్‌లు ఇలాంటిది ఏదైనా. బ్రూచ్‌లు ఇప్పుడు తక్కువ మంది పెట్టుకుంటారు, అందుకే అదే పనితనం ఉంగరంలో కంటే చవకగా దొరుకుతుంది, పైగా వెనకవైపు చదవడం నేర్పేది కూడా అవే. ఒకే రకం యాభై చేతిలో పట్టుకున్నవాడికి యాభై ఒకటో దానిలో తేడా ఇట్టే తెలుస్తుంది.

ఆన్‌లైన్‌లో కొనేముందు ఏ ఫోటోలు అడగాలి?

వెనకవైపు, పక్కవైపు, బిగింపు తెరిచి, ముద్ర దగ్గరగా, రాళ్ల అంచులు దగ్గరగా, స్కేలు పక్కన పెట్టి ఒకటి. గ్రాముల్లో బరువు కూడా. ‘పరీక్షించిన బంగారం’ అంటే ఎలా, ఎక్కడ పరీక్షించారో అడగండి. వాపసు గడువు రాతపూర్వకంగా ఉండాలి. వేలమైతే సుత్తి పడిన ధర మీద కొనుగోలుదారు రుసుము చాలాచోట్ల 20 శాతం పైనే ఉంటుంది, మీ హద్దు దాన్ని కలుపుకుని వేసుకోండి.

ఏనుగు దంతం, తాబేటి చిప్ప నగలు వేరే దేశం నుంచి తెప్పించుకోవచ్చా?

1975 నుంచి అమల్లో ఉన్న సైటీస్ (అంతరించిపోతున్న జీవుల వ్యాపారంపై అంతర్జాతీయ) ఒప్పందం వీటిని కట్టడి చేస్తుంది, అనుమతి పత్రాలు లేకుండా కస్టమ్స్‌లో జప్తు అవుతాయి. కొన్ని రకాల పగడాలు కూడా జాబితాలో ఉన్నాయి. యాంటిక్ మినహాయింపు ఉన్నచోట కూడా వయసు రుజువు చేయాల్సింది మీరే. పంపే దేశం, తెచ్చుకునే దేశం రెండింటి నియమాలూ డబ్బు కట్టకముందే చూసుకోవాలి.

## దాచడం, వాడటం

ఎలా కడగాలి?

గట్టి రాళ్లు, తెరిచిన పొదుగులున్న బంగారు నగకు గోరువెచ్చటి నీళ్లు, రెండు చుక్కల తేలికపాటి సబ్బు, మెత్తటి కుంచె. మూసిన పొదుగు, ముత్యం, ఓపల్, టర్కాయిస్, వెంట్రుకలతో అల్లిన సంతాప నగ వీటికి నీళ్లు వద్దు, కాస్త తడి బట్టతో తుడవండి. అల్ట్రాసోనిక్ యంత్రంలో పచ్చలు వేయొద్దు, పగుళ్లలో నింపిన నూనె బయటికొస్తుంది.

కాస్ట్యూమ్ నగ మీద ఆకుపచ్చ తుప్పు పట్టింది. పోతుందా?

నీళ్లు కలిపిన వెనిగర్‌లో పుల్ల చివర ముంచి ఆ మచ్చ మీదే మెల్లగా రుద్దండి. తడి గుడ్డతో తుడిచి బాగా ఆరనివ్వండి. ముత్యాలు, రేకు రాళ్ల దగ్గర వెనిగర్ వాడకూడదు. లోహం తినేసిన గుంట మాత్రం పూడదు. ఆ నగను మిగతావాటి నుంచి వేరుగా ఉంచండి.

ఒకే డబ్బాలో అన్నీ పెట్టొచ్చా?

వజ్రం దేన్నైనా గీరుతుంది, కాబట్టి విడివిడిగా మెత్తటి గుడ్డలో ఉంచండి. వెండి దగ్గర రబ్బరు బ్యాండు పెడితే నల్లటి గీత పడుతుంది. సెల్యులాయిడ్‌ను గాలి ఆడేచోట, లోహపు నగలకు దూరంగా ఉంచాలి. అది చిట్లడం మొదలైతే వెలువడే ఆవిరి పక్కనున్న లోహాన్ని తుప్పు పట్టిస్తుంది. ముత్యాల దండను వేలాడదీయొద్దు, దారం సాగుతుంది. తరచూ వేసుకునే దండైతే ఏడాది రెండేళ్లకోసారి, ముత్యానికి ముత్యానికి మధ్య ముడి వేసి, తిరిగి గుచ్చించండి.